ఈ ఊళ్ళో పిండర్ ఉన్నారా?

స్కెల్‌థార్ప్, లింకన్‌షైర్
1950 సెప్టెంబరు, ఆదివారం

అక్కకి ఆంబ్రోస్ రాస్తున్నది,

నువ్వు పంపిన పొగబెట్టిన చేపలు అందాయి. ఉత్తరం రాయలేదని కోప్పడకు. ఈమధ్య కలం పట్టుకోవడం కూడా ఒక పనిలాగే ఉంటోంది.

సవర్‌బీ కోడెలు మళ్ళీ ఉమ్మడి బీడు దాటి కెజయా బ్లో పెరట్లో పడ్డాయి. తోలుకొచ్చి బందెలదొడ్డిలో పెట్టి తాళం వేశాను. వేశానో లేదో సవర్‌బీ దిగాడు. "ఏమయ్యా, నా గొడ్లని చూస్తే నీకెందుకంత కడుపుమంట?" అన్నాడు. పోనీ ఆ కెజయా అయినా ఓ మంచిమాట అందా? "క్యాబేజీ అంతా మేసేశాక ఊడిపడ్డావా నాయనా, ఇంకాస్సేపు పడుకోకపోయావా?" అంది. గొడ్డున్నవాడికి నేను దొంగని, పెరడున్నవాడికి సోమరిపోతుని. చాపెల్లో నా బెంచీ మీద నేనొక్కణ్ణే కూర్చుంటున్నాను. నీ మరదలు లెటీ పోయాక ఆ పక్కన కూర్చునే దిక్కు లేదు.

మా బడి పంతులమ్మ మిస్ ప్రౌజ్ మొన్న చాపెల్ హాల్లో ఇంటిపేర్ల గురించి మాట్లాడింది. పూర్వం మనిషిని చేసే పనినిబట్టి పిలిచేవారట, ఆ పిలుపే కొడుకులకీ మనవలకీ అంటుకుపోయి ఇంటిపేరయిందట. మన పేరు దగ్గరికొచ్చేసరికి ఆవిడ ముఖం వెలిగిపోయింది. పాత ఇంగ్లీషులో మూసిపెట్టడాన్ని 'పిండన్' అనేవారట, దారితప్పిన పశువుల్ని పట్టి బందెలదొడ్డిలో మూసిపెట్టేవాడే పిండర్ అట. "మన అదృష్టం, ఆ పేరూ ఆ పనీ ఈ ఊళ్ళో ఇంకా ఒకే మనిషి దగ్గరున్నాయి" అంది. అందరూ నావైపు తిరిగి నవ్వారు. పాపం, ఆవిడ మంచికే అంది. నాకు మాత్రం తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఇంటికొస్తూ ఆలోచించాను. స్మిత్ కొడుకు కమ్మరి పని చేస్తున్నాడా? బస్సులో టిక్కెట్లు ఇస్తున్నాడు. టేలర్‌కి ఊడిన బొత్తాం కుట్టుకోవడం రాదు. కూపర్ జన్మలో పీపా చేసి ఎరగడు, ఖాళీ చెయ్యడమే తెలుసు. వాళ్ళ పేర్లు వాళ్ళనెప్పుడో వదిలేశాయి. నన్నే ఎందుకిలా పట్టుకు వేలాడుతోంది?

నవంబరులో ఊరి కోర్టు. దాన్ని నడిపే స్టీవార్డు ఎప్పట్లాగే మూడుసార్లు అడుగుతాడు, "ఈ ఊళ్ళో పిండర్ ఉన్నారా?" అని. ఆ పేరున్న మనిషి ఎల్లల్లో ఉన్నంతకాలం తాళంచెవి ఇంకెవరికీ ఇవ్వకూడదన్నది రివాజు. తాత "ఉన్నాను" అన్నాడు, నాన్న అన్నాడు, నేనూ అంటూ వస్తున్నాను. ఈసారి అనను. మూడుసార్లకీ పలికేవాడు లేకపోతే ఆ తర్వాత దొడ్డి ఉంచాలో తీసెయ్యాలో జ్యూరీ ఇష్టం.

తాళంచెవి వదిలితే దానితోపాటు ఊరిచ్చిన ఈ ఇల్లూ వదలాలి. నీ దగ్గర ఓ మూల చోటిస్తావా అక్కా? ఎక్కువ తినను. అలసిపోయానే, అంతే.

ఆంబ్రోస్

*

గ్రిమ్స్‌బీ
సెప్టెంబరు చివర

తమ్ముడూ,

చోటిస్తావా అని అడుగుతావేమిట్రా, నీ తలకాయ! రెండు గదులున్నాయి, నేనొక్కదాన్నే ఉన్నాను. మెట్లు నిటారుగా ఉంటాయి, చేపల కంపు ఎన్నిసార్లు కడిగినా పోదు, కింద మిసెస్ ఓల్డ్‌రాయిడ్ పొద్దస్తమానం రేడియో పెడుతుంది. ఇవన్నీ ఓర్చుకుంటానంటే రేపే రా.

పేర్ల గురించి నీ గోలకి నవ్వొచ్చింది. నేను పిండర్ నుంచి తప్పించుకున్నానని మురిసిపోయాను గానీ, ఏ పేరులోకి వచ్చిపడ్డానో తెలుసా? మీ బావ బతికుండగా వాళ్ళ పెద్దాయన చెప్పేవాడు. టాస్కర్ అంటే గుత్తకి కళ్ళం నూర్చేవాడట. ఎంత నూరిస్తే అంత కూలి, రోజు లెక్క లేదు. నేనూ ఇంట్లో కూర్చుని పడవలవాళ్ళకి గుత్తకే వలలు అల్లుతున్నానుగా! జనపనార దారం వేళ్ళని కోసేస్తోంది. వల అయిపోగానే ఇంకో దారపు ఉండ గుమ్మంలో పడేసి పోతారు. నువ్వు గొడ్లతో విసిగావు, నేను ముళ్ళతో విసిగాను. ఇద్దరం కలిసి విసుక్కోవచ్చు, రా.

ఒక్క సంగతి మాత్రం మర్చిపోకు. కోర్టు రోజున నువ్వు ఊరి ఎల్లలో ఎక్కడున్నా నోరు మూసుకుంటే చెల్లదు. పిండర్ ఊళ్ళో ఉండి పలక్కపోతే ఇద్దరు జ్యూరీ వాళ్ళు వెళ్ళి రెక్క పట్టుకుని తీసుకురావచ్చు. తాతని ఒకసారి అలాగే జ్వరంతో పక్కమీంచి లేపుకొచ్చారని నాన్న చెప్పేవాడు కాదూ? కాబట్టి ఆరోజు నువ్వు ఎల్ల దాటి వాగు అవతల ఉండాలి.

తాళంచెవి కోర్టు బల్ల మీద పెట్టడానికి ఇంటి మనిషి ఒకరు కావాలి. నేనొస్తాను. నన్నేం చేస్తారు, నేను టాస్కర్‌ని. నాన్న కూడా ఆడపిల్ల ఇంకో ఇంటికి పోయేదేగా అనే కదా నన్ను కాదని అది నీకిచ్చాడు. పోనీలే, ఆ రివాజు ఇన్నాళ్ళకి ఎవరికో పనికొస్తోంది.

మీ అక్క
థిర్జా

*

స్కెల్‌థార్ప్
అక్టోబరు

అక్కకి,

నువ్వొస్తానన్నావు, గుండెల మీంచి బరువు దిగింది. నిన్ను శ్రమపెడుతున్నానని బాధగానూ ఉంది.

ఇక్కడ ఇంకా చెడింది. పోయిన వారం ఎవరో దొడ్డి గేటు గడియ తీసేశారు. కోడె ఒకటి తప్పించుకుంది. పట్టుకోబోతే మోకాలి మీద తన్నింది. డాక్టరు కట్టు కట్టి, "ఈ వయసులో నీకెందుకయ్యా ఈ పని?" అన్నాడు. "నా పేరు మీరు చీటీ మీద రాశారుగా, చూడండి" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

ఆ కట్టుతోనే దొడ్డిలో మిగిలినవాటికి నీళ్ళు మోశాను. మూసిపెట్టినవాడే మేతా నీళ్ళూ చూడాలి కదా, యజమాని వచ్చి విడిపించుకునేదాకా. సవర్‌బీకి అదీ తెలుసు, అందుకే తీరిగ్గా వస్తాడు. నేను బకెట్టు పట్టుకుని కుంటుతుంటే వాడి పాలేర్లు గోడ మీద కూర్చుని చూశారు. ఒక్కడూ చెయ్యి వెయ్యలేదు.

తర్వాత చిత్రం, సవర్‌బీయే మా ఇంటికొచ్చాడు. "పెద్దవాడివయ్యావు ఆంబ్రోస్, విశ్రాంతి తీసుకో, ఊరు నీకు చాలా బాకీ ఉంది" అన్నాడు. చేతిలో సంచీ కూడా ఉంది. మంచిమాట చెవినపడి ఎన్నాళ్ళయిందో, నిజం చెప్పొద్దూ, కళ్ళు చెమ్మగిల్లాయి. కూర్చోబెట్టి టీ ఇచ్చాను. ఇంకేం మాట్లాడుకున్నామో పెద్దగా రాయాల్సిందేమీ లేదు.

మిస్ ప్రౌజ్ పిల్లల్ని వెంటబెట్టుకుని దొడ్డి చూపించడానికి వచ్చింది. ఈ రాళ్ళు ఎవరు పేర్చారు, తాళం ఎప్పటిది అని వాళ్ళు అడుగుతుంటే నాకు ఒక్కటీ తెలియలేదు. ఇన్నేళ్ళు ఆ గోడల మధ్య తిరిగి, కాళ్ళు ఎక్కడ జారతాయో తప్ప ఇంకేమీ తెలుసుకోలేదు.

ఇక రోజులు లెక్కపెట్టుకోవడమే.

ఆంబ్రోస్

*

గ్రిమ్స్‌బీ
నవంబరు

తమ్ముడూ,

మంగళవారం పొద్దుటి బస్సుకి నేను బయల్దేరుతున్నాను. నువ్వూ అటునుంచి పొద్దుటి బస్సే ఎక్కు. దొడ్డి తాళంచెవి ఇంట్లో బల్ల మీద పెట్టి, తలుపు దగ్గరికి వేసి రా. గది తాళం కింద ఓల్డ్‌రాయిడ్ దగ్గర ఉంటుంది, ఆవిడతో కాస్త నవ్వుతూ మాట్లాడు, చెవిటిది. రొట్టె డబ్బాలో ఉంది. మంచం నీకు వదిలాను.

మన రెండు బస్సులూ దారిలో ఎక్కడో ఎదురుపడతాయి. కిటికీలోంచి చెయ్యి ఊపకురా, నాకు ఏడుపొస్తుంది.

సంచీ సంగతి రాశావు గానీ అందులో ఏముందో రాయలేదు. పోనీ, నాకెందుకు?

థిర్జా

*

స్కెల్‌థార్ప్
నవంబరు, బుధవారం

తమ్ముడు ఆంబ్రోస్‌కి,

కూర్చుని చదువు. చదివాక తిట్టు, ముందు చదువు.

కోర్టు జరిగే ప్లౌ పబ్బు పెద్ద గది కిటకిటలాడిపోయింది. నువ్వు రావని ఎలా తెలిసిందో ఏమిటో, ఎన్నడూ కోర్టుకి రానివాళ్ళంతా వచ్చారు. నేను తాళంచెవి బల్ల మీద పెట్టి వెనక్కొచ్చి గోడకి ఆనుకుని నిలబడ్డాను. స్టీవార్డుకి జలుబు, ముక్కు చీదుకుంటూ అడిగాడు, "ఈ ఊళ్ళో పిండర్ ఉన్నారా?" అని. ఎవరూ పలకలేదు. రెండోసారి అడిగాడు. పలకలేదు.

అప్పుడు సవర్‌బీ లేచాడు. "మూడోసారి అడగడం దండగ. ఆంబ్రోస్ నాతో మాట్లాడే వెళ్ళాడు. దొడ్డి తీసేస్తే తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. ఆ రాళ్ళు మా కొత్త పాకకి పునాది వేసుకుంటాను" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. సంచీలో ఏముందో అప్పుడు తెలిసింది. వెనక ఎవడో "ఆంబ్రోసుకి పంది తొడ బాగుందటా?" అని అరిచాడు, అందరూ గొల్లుమన్నారు. ఈ రేషన్ రోజుల్లో పంది తొడ, ఆంబ్రోస్! నాకు రాయడానికి నీకు సిగ్గేసిందా?

నిన్ను తప్పుపట్టడం లేదురా. మంచిమాట కోసం మొహం వాచిపోయి ఉన్నావు, వాడికది తెలుసు.

కానీ అప్పుడే కెజయా బ్లో లేచింది. కర్ర ఊతంగా నిలబడింది. "పిండర్ లేకపోతే వీడి కోడెల్ని రేపు నేను పట్టాలా? ఆంబ్రోసు ఆలస్యంగా వచ్చేవాడు, తిట్టేదాన్ని. వచ్చేవాడు కదయ్యా!" అంది. ఒక్కరూ ఆవిడ మొహం చూడలేదు. సవర్‌బీ పొలం కౌలుకి చేసేవాళ్ళే సగం మంది ఆ గదిలో. ఎవరు మాట్లాడతారు?

స్టీవార్డు మూడోసారి అడిగాడు. నా నోట్లోంచి "ఉన్నాను" అని వచ్చింది.

తలలన్నీ నావైపు తిరిగాయి. తర్వాత సవర్‌బీ, "ఈవిడ టాస్కర్! గ్రిమ్స్‌బీ మనిషి!" అని గొంతు చించుకున్నాడు. "ఎదురుగా ఉన్న చర్చిలో నాకు బాప్తిస్మం నీళ్ళు పోసింది పిండర్ అనే అయ్యా. పిండర్ ఉన్నారా అని అడుగుతున్నారు, ప్యాంటు వేసుకున్నారా అని కాదుగా" అన్నాను. స్టీవార్డు రుమాలు తీసి, "ఊళ్ళో ఉంటున్నారా అమ్మా?" అన్నాడు. "పొద్దుటినుంచీ. సంచీ ఇంట్లో ఉంది, పొయ్యి మీద కెటిల్ కూడా పెట్టొచ్చాను" అన్నాను. ఆయనకి త్వరగా ముగించుకుని పోవాలని ఉంది. జ్యూరీని అడిగాడు. చేతులు లేపారు. సవర్‌బీవైపు చూడకుండా లేపారు, కానీ లేపారు.

తాళంచెవి నా దగ్గరుంది. నువ్వు కంగారుపడి తిరిగి రావద్దు.

థిర్జా

*

గ్రిమ్స్‌బీ
శుక్రవారం

అక్కా,

నీకు బుద్ధుందా? వయసుందా? మోకాళ్ళున్నాయా?

నేను వదిలించుకున్నది నా ఒక్కడి పని అనుకున్నావా? ఆ ప్రశ్న ఇంకెప్పుడూ ఎవరూ అడగకూడదనుకున్నాను. ఎవరూ పలక్కుండా ఒక్కసారి మూడుసార్లూ గడిచిపోతే పీడ విరగడైపోయేది. తీసుకొచ్చి నీ మెడకి కట్టుకున్నావు. ఇప్పుడు నేనిక్కడ మంచం మీద ఎలా పడుకోవాలి, నువ్వక్కడ వానలో కోడెల వెనక పరిగెడుతుంటే?

పంది తొడ సంగతి నిజమే. సగం తిన్నాను. రుచిగా ఉంది. అది కూడా అందరి ముందూ నువ్వు వినాల్సొచ్చింది.

నేను రాను. రమ్మన్నా రాను. అదొక్కటే నాకు మిగిలింది.

ఆంబ్రోస్

*

స్కెల్‌థార్ప్
డిసెంబరు

తమ్ముడూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, కోపం తగ్గాక రాస్తున్నాను. నువ్వు రానక్కర్లేదు. నేను అడగను.

నిజం చెప్పనా? కెజయా మీద జాలితో అన్నానని ఊరంతా అనుకుంటోంది. కాదు. నాన్న పోయేముందు నన్ను పక్కకి జరగమని, వెనకాల నిలబడ్డ నిన్ను పిలిచి తాళంచెవి నీ చేతిలో పెట్టాడు చూడు, ఆరోజునుంచీ నాకు కావాలిరా అది. చిన్నప్పుడు ఆయన వెంట గొడ్లు తోలింది నేను. నువ్వేమో ఆవు తల తిప్పితే గోడెక్కేవాడివి. పెళ్ళి చేసి పంపించేశారు, వల అల్లుకుంటూ బతికాను, మీ బావ మంచివాడే. అయినా ఇంత వయసొచ్చాక కూడా ఎక్కడో దారిలో దూడ అరిస్తే నా కాలు అటే లేచేది. నీకు ఉరితాడయినదే నాకు దక్కని ఆస్తి. ఇద్దరికీ తారుమారుగా పెట్టి పోయాడు నాన్న. ఈ మాత్రం ఒకరితో ఒకరం ఎప్పుడూ చెప్పుకోలేదు, చూశావా?

సుఖంగా ఉందని అనను. సవర్‌బీ కోడెల్ని ఇప్పటికే లోపలేశాను. "ముసలిదానివి, ఏం చేస్తావులే" అన్నాడు. "ముసలిదాన్ని కాబట్టి త్వరగా నిద్ర లేస్తాను" అన్నాను. నడుం విరిగిపోతోంది. బూట్లలో నీళ్ళు ఆరడం లేదు. చాపెల్లో నీ బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చుంటున్నాను. నువ్వు ఇదంతా ఇన్నేళ్ళు ఎలా మోశావో ఇప్పుడు తెలుస్తోంది. నువ్వు అలసిపోయానంటే నవ్వాను, అందుకు బాధపడుతున్నాను.

మిస్ ప్రౌజ్ వచ్చి, ఆడమనిషి పిండర్ అయినట్టు తను ఎక్కడా చదవలేదని సంబరపడింది. టీ ఇచ్చి పంపాను. చలికి వెచ్చటి బనీను వేసుకో, పెట్టె అడుగున మీ బావది ఉంది.

థిర్జా

*

గ్రిమ్స్‌బీ
1951 ఫిబ్రవరి

అక్కకి ఆంబ్రోస్ రాస్తున్నది,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదు. కోపంతో కాదు. ఏం రాయాలో తెలియక.

నిద్రపోతున్నాను అక్కా. మొదట్లో పొద్దున్నే మెలకువొచ్చి, ఎక్కడ ఏ గొడ్డు తప్పించుకుందోనని లేచి కూర్చునేవాణ్ణి. కింద ఓల్డ్‌రాయిడ్ రేడియో వినగానే గ్రిమ్స్‌బీలో ఉన్నానని గుర్తొచ్చేది. ఇప్పుడు ఆవిడే వచ్చి తలుపు కొడితే గానీ లేవడం లేదు.

నిన్న ఒకటి జరిగింది. రొట్టె కోసం వీధిలోకి వెళ్ళాను. బొగ్గుల బండి గుర్రం దేనికో బెదిరి, పగ్గాలు ఈడ్చుకుంటూ మా వీధిలోకి దూసుకొచ్చింది. జనం దుకాణాల్లోకి దూరారు, ఎవరో పిల్లని లోపలికి లాగారు. వద్దు, నాకెందుకు అని గోడకి అతుక్కుపోయాను. నిజంగా అతుక్కుపోయాను. కానీ అది దగ్గరికొచ్చేసరికి నా చెయ్యి నన్నడక్కుండానే పైకి లేచింది. పక్కనుంచి నడిచి, మాట్లాడుతూ, పగ్గం అందుకున్నాను. అంతే, ఆగిపోయింది. వణుకుతోంది పాపం. మెడ నిమిరాను.

బొగ్గులవాడు రొప్పుకుంటూ వచ్చాడు. నేను అలవాటుగా తల దించుకున్నాను, తిట్లు ఎక్కడ మొదలవుతాయోనని చూస్తూ. వాడు నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "దేవుడిలా వచ్చావు పెద్దాయనా, నా కూడు నిలబెట్టావు" అన్నాడు. అందరూ చుట్టూ చేరారు. ఎవరో టీ తెచ్చి ఇచ్చారు. తప్పించుకున్న గొడ్డుని పట్టినందుకు నన్ను ఒకరు మెచ్చుకోవడం ఈ జన్మలో ఇదే మొదలు. ఆ వీధిలోనే నిలబడి ఏడ్చేశాను. వాళ్ళు దెబ్బ తగిలిందేమో అనుకున్నారు.

ఇంతలో పోలీసు వచ్చాడు. కూరగాయల బండి ఒకటి తలకిందులైంది, అందుకు సాక్షులు కావాలట. "గుర్రాలతో అలవాటున్న చెయ్యిలా ఉందే! మీ పేరేమిటండీ?" అన్నాడు.

పిండర్ అని నోటిదాకా వచ్చింది అక్కా. కానీ ఆ పేరు చెబితే రేపు ఇంకో గుర్రం తెంచుకున్నప్పుడు మళ్ళీ నా తలుపే కొడతారనిపించింది. ఎలాగూ ఆ పేరుతో పని చేస్తున్నది నువ్వు. "టాస్కర్" అన్నాను. "ఆంబ్రోస్ టాస్కర్." పోలీసు ఒక్కసారి కూడా నా మొహంలోకి చూడకుండా రాసుకుని, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆంబ్రోస్